సి మీద రెక్క

పుంతా అరేనాస్‌లో గాలి తలుపు తట్టదు,
తోసుకొస్తుంది.
ఆ రాత్రి నా కంప్యూటర్లోకి కొత్త సిస్టమ్ కూడా అలాగే వచ్చింది.
పొద్దున చూస్తే తెర మీద ఎవరిదో సరస్సు, ఎవరిదో సూర్యోదయం.
నా ఫైళ్ళన్నీ బాడుగ బాకీపడ్డవాళ్ళలా
ఓ మూలకి సర్దుకుని ఉన్నాయి.

నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్ళొచ్చంది.
పోయినవాళ్ళ కోసం ఇక్కడ మేం జపమాల తిప్పేది తొమ్మిది రోజులే.
ఒక రోజు ఎక్కువే ఇచ్చింది, పాపం.

నా పేరు నెవెంకా ఓహెదా.
సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కుతాను,
చేత్తో పద్నాలుగేళ్ళు, యంత్రంతో పదిహేడు.
మొదటి రోజు కంప్యూటర్‌కి ఆ యంత్రం ఎవరో తెలీలేదు.
రెండో రోజు తెలిసింది గానీ
రాయికి జానెడు పైన, గాలిలో,
గంటసేపు శ్రద్ధగా ఎవరి పేరో చెక్కింది.
మూడో రోజు రాతి మీదే చెక్కింది.
రెక్కలు మింగేసింది.

రెక్కలంటే,
ఇక్కడ సగం ఇంటిపేర్లు ఏడ్రియాటిక్ తీరం నుంచి ఓడల్లో వచ్చినవి.
సి అక్షరం నెత్తిన చిన్న రెక్క వాలితే అది చ.
ఎగిరిపోతే స, లేదా క, చదివేవాడి ఇష్టం.
పెర్చిచ్ కాస్తా పెర్సిక్.
కొత్త తెర మీద రెక్క ఉండాల్సిన ప్రతిచోటా
ఖాళీ గడి, పన్నూడిన చోటులా.

అలాగని అంతా చెడ్డదని అనను.
చప్పున లేస్తోంది. నా కళ్ళు మండటం తగ్గింది.
మా కుర్రాడు యెర్కో ఫోటోలు చెక్కే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి
ఒక జాలరి కుక్కని నల్లరాతి మీదికి దించాడు,
మీసాలతో సహా.
రాతి ముక్కుని వేలితో తాకి
ఆ మనిషి బయటికెళ్ళి చాలాసేపు లోపలికి రాలేదు.
వెనక్కి వెళ్తే ఆ ప్రోగ్రాం ఉండదు.
పోయేవాటి జాబితా ముందే చూపించింది తెర,
ఒక్కటే పేరుంది అందులో.

ఎనిమిదో రోజు మిర్నా వచ్చింది, తల్లి జోర్కా రాయి కోసం.
"బళ్ళో, బ్యాంకులో, ఆస్పత్రిలో, అంతటా అమ్మ పెర్సిక్కే.
తాతయ్య ఓడ దిగినప్పుడు గుమాస్తా దగ్గర ఆ అక్షరం లేదట.
రాయి మీదైనా పెట్టించమంది."
కాసేపాగి అడిగింది:
"రెక్కకి ఎక్కువ తీసుకుంటారా?"

ఆ రాత్రి పాత ఉలి తీశాను.
పగిలిన పలక మీద రెక్క కొట్టి చూశాను.
మొదటిది కాకి. రెండోది బీట.
చెయ్యి ఇదివరకటిది కాదు.
ఒకప్పుడు పుట్టిన సంవత్సరం తప్పు కొట్టి
రాయి మొత్తం మళ్ళీ నా డబ్బుతో కొన్నాను.
ఆ తప్పు రాయి ఇప్పుడు మా వంటింటి మెట్టు,
బోర్లా పడుకుని ఉంటుంది.
రోజూ దాని మీంచే దిగుతాను.

పదో రోజు, మధ్యాహ్నం భోజనం మానేసి, నొక్కాను.
ఎందుకు వెళ్తున్నారని అడిగింది.
నెమ్మదిగా ఉందా, అర్థం కాలేదా, పాతదే బావుందా.
మరేదైనా అన్న గడిలో రాశాను:
సి మీద రెక్క.
ఎవరు చదువుతారో.

యెర్కో బయట గాలికి వీపు పెట్టి సిగరెట్టు ముట్టిస్తూనే ఉన్నాడు,
అది అంటుకోదు.
కుక్క మీసాలు వాడివి. నేనేం మాట్లాడలేదు.

గంటంపావు చుక్కలు తిరిగి తిరిగి
వెలిసిన పాత నీలం తెర వచ్చింది.
యంత్రం దగ్గింది, రాతి మీదికి వంగింది.
గోటితో గాడిలో దుమ్ము తీసి చూశాను,
ఒకటి, రెండు, రెండూ ఉన్నాయి.
మిర్నా పైకి చదివింది,
కొత్తగా కట్టించుకున్న పన్నుతో కొరికి చూసినట్టు
చ దగ్గర ఆగి, మళ్ళీ చదివింది.

సాయంత్రం షట్టర్ దించబోతుంటే
తెర మూలన చిన్న గంట:
కొత్త వెర్షన్ సిద్ధం. ఇప్పుడా? ఈ రాత్రికా?
కింద సన్నటి అక్షరాల్లో మూడోది:
తర్వాత గుర్తు చేయి.

చుట్టూ గోడకి ఆనించిన రాళ్ళు,
పేర్లున్నవీ, ఇంకా లేనివీ.
ఆ మాట రెండుసార్లు చదువుకుని
నొక్కాను.